పాత లారీకీ కొత్త లారీకీ ఒకే ఇంజన్ ఆయిల్ పోయొచ్చా? అడిటివ్ కలపాలా వద్దా?

రెండు_బండ్లు:

అన్నలూ, ఆయిల్ డ్రమ్ము కొనేముందు మీ మాట వినాలని రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నా దగ్గర రెండు లారీలున్నాయి. ఒకటి పాతది, మెకానికల్ పంపు, టర్బో, అంతే. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపేది) లేదు, సైలెన్సర్‌లో ఫిల్టరూ లేదు. రెండోది కొత్తది, కామన్ రైల్, ఈజీఆర్, డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టరు), యూరియా ట్యాంకు అన్నీ ఉన్నాయి. పాతదాని సర్వీస్ బుక్కులో ఆయిల్ గ్రేడు సీహెచ్-4 లేదా అంతకంటే పైది, 15డబ్ల్యూ-40 అని రాసుంది. కొత్తదాని బుక్కులో సీకే-4 అని, పక్కనే బండి కంపెనీ సొంత కోడ్ ఒకటి ఉంది. రెండిటికీ వేర్వేరు డబ్బాలు పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు కుర్రాళ్లు ఒకదాన్లోది ఇంకోదాన్లో పోసేస్తారని భయం. ఒకే డ్రమ్ముతో పని జరుగుతుందా?

ఇక పాతది లోడు మీద ఆయిల్ తాగుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వస్తుంది, తర్వాత తగ్గిపోతుంది, మళ్లీ ఎత్తు ఎక్కేటప్పుడు కొద్దిగా కనబడుతుంది. మా మెకానిక్ 20డబ్ల్యూ-50 పోసి, దాంట్లో జిగురులా చిక్కగా ఉండే ట్రీట్‌మెంట్ డబ్బా ఒకటి కలిపితే ఇప్పట్లో ఇంజన్ దించక్కర్లేదు అంటున్నాడు.

కొత్తది మాత్రం చుక్క ఆయిల్ తాగదు, పైగా గేజ్ తీసి చూస్తే మట్టం పై గీత దాటి కనిపిస్తోంది. డ్రైవరు ఇంజన్ బాగుంది అని సంతోషంగా ఉన్నాడు. అతను ట్యాంకు నింపినప్పుడల్లా డీజిల్లో కొంచెం టూ-టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్లకు పెట్రోల్లో కలిపేది) కూడా కలుపుతాడు, నాజిళ్లు ఎక్కువ కాలం వస్తాయని. ఇది మంచిదేనా? అసలు ఏ అడిటివ్ అయినా పనిచేస్తుందా, లేక అన్నీ డబ్బు దండగేనా?

లైనర్_పిస్టన్:

ముందు కొత్త బండి సంగతి చూడండి. పాతదాని నీలం పొగ వారం ఆగినా కొంప మునగదు, కొత్తది ఆగదు.

ఇంజన్ ఆయిల్ మట్టం దానంతట అది పెరగదు. ఎవరూ ఎక్కువ పోయకుండా పెరిగిందంటే లోపలికి ఇంకేదో దిగుతోందని అర్థం, అది డీజిల్ కావచ్చు, కూలెంట్ కావచ్చు. కూలెంట్ అయితే రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ ఉంటాయి, గేజ్ మీదా మూత కిందా మజ్జిగలాంటి తెల్లటి మడ్డి కనిపించొచ్చు. అవి లేవంటే డీజిలే అనుకోండి. డీపీఎఫ్ ఉన్న బండ్లలో ఇది తరచూ వచ్చే తలనొప్పి. ఫిల్టర్లో పట్టిన మసిని కాల్చడానికి ఎగ్జాస్ట్ వేడెక్కాలి కదా, అందుకోసం చాలా ఇంజన్లలో పవర్ స్ట్రోక్ అయ్యాక సిలిండర్లోకే కొంచెం డీజిల్ అదనంగా కొడుతుంది. అందులో కొంత లైనర్ (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టం) గోడకు తగిలి, రింగులు దాటి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. బండి హైవే మీద లోడుతో గంటలకొద్దీ పోతే ఆ డీజిల్ చాలావరకు ఆవిరై పోతుంది. దగ్గర దగ్గర ట్రిప్పులు, ఎక్కువ ఐడ్లింగ్, ఈ మసి కాల్చే పని, అంటే రీజెన్, సగంలో ఉండగా ఇంజన్ ఆపేయడం, ఇవి జరుగుతుంటే రీజెన్ పూర్తికాక మళ్లీ మళ్లీ మొదలవుతుంది, మొదలైన ప్రతిసారీ ఇంకొంచెం డీజిల్ దిగుతుంది. ఇది కాకుండా ఇంజెక్టర్ కారుతున్నా, హైప్రెషర్ పంపు సీలు పోయినా అదే ఫలితం.

డీజిల్ కలిస్తే ఆయిల్ పల్చబడుతుంది. 40 గ్రేడు పోసినా లోపల నడిచేది 30 అవుతుంది, ఇంకా ముదిరితే అంతకంటే పల్చన అవుతుంది. క్రాంకు బేరింగుల్లో ఆ పొర నిలబడదు. వేడి మీద ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ ఇదివరకటి కంటే తక్కువ చూపిస్తోందా అన్నది గమనించండి. మట్టం మరీ పెరిగితే క్రాంకు తగిలి ఆయిల్ నురగ కడుతుంది, బ్రీదర్ (క్రాంక్ కేసులోని గాలి బయటికి పోయే గొట్టం) గుండా ఇన్‌టేక్‌లోకి పోయిన ఆయిలే ఇంధనమై తాళం తీసినా ఇంజన్ ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. నేను బెదిరించడానికి చెప్పడం లేదు, గేజ్ పై గీత దాటాక బండి నడపొద్దని చెబుతున్నాను. ఆయిల్ మార్చండి, కానీ పాత ఆయిల్ పారబోసే ముందు శాంపిల్ ఒకటి తీసి పెట్టండి, స్కానర్ పెట్టించి రీజెన్‌కీ రీజెన్‌కీ మధ్య ఎన్ని కిలోమీటర్లు తిరుగుతోందో చూడండి.

టూ-టీ ఆయిల్ ఈరోజే ఆపించండి. చాలా రకాల టూ-టీల్లో కాలితే బూడిద మిగిల్చే పదార్థాలుంటాయి, అది పోయి డీపీఎఫ్‌లో కూర్చుంటుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఫిల్టరు విప్పి శుభ్రం చేయించేదాకా అది అక్కడే ఉంటుంది. ఫిల్టర్లో చోటు తగ్గేకొద్దీ రీజెన్లు పెరుగుతాయి, రీజెన్లు పెరిగితే ఆయిల్లో డీజిల్ పెరుగుతుంది. టూ-టీకీ, ఆయిల్ మట్టం పెరగడానికీ ఇలా సంబంధం ఉండొచ్చు.

వర్క్‌షాప్_లెడ్జర్:

నేను లారీల మెయింటెనెన్స్ చూస్తాను, ఒకే డ్రమ్ము ప్రశ్నకు నేను జవాబిస్తాను.

ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) డీజిల్ ఆయిల్ గ్రేడుల్లో సీ అక్షరం తర్వాతిది ముందుకు పోయేకొద్దీ కొత్తది. సీహెచ్-4 1998లో వచ్చింది, ఈజీఆర్ ఇంజన్ల కోసం సీఐ-4 2002లో, డీపీఎఫ్ ఉన్న ఇంజన్ల కోసం సీజే-4 2006లో, సీకే-4 2016 చివర్లో వచ్చాయి. వీటిలో కొత్తది పాతదాని బదులు పోసుకునేలా తయారుచేశారు. కాబట్టి సీకే-4 15డబ్ల్యూ-40 మీ రెండు బండ్లకూ సరిపోతుంది, కొత్తదాని బుక్కులో ఉన్న కంపెనీ కోడ్ కూడా ఆ డబ్బా మీద ఉండాలి. ఆ కోడ్‌ని తేలిగ్గా తీసుకోకండి. వోల్వో వీడీఎస్-4.5, కమిన్స్ సీఈఎస్ 20086, మెర్సిడెస్ 228.31 లాంటివన్నీ ఏపీఐ పరీక్షల మీద ఆ ఇంజన్ కంపెనీలు అదనంగా పెట్టుకున్న పరీక్షలు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, "అప్రూవ్డ్" అని ఉందా, "మీట్స్" లేదా "సూటబుల్" అని మాత్రమే ఉందా చూడండి. మొదటిది బండి కంపెనీ ఒప్పుకున్నట్టు, మిగతావి ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకున్నట్టు. వారంటీలో ఉన్న బండికి ఈ తేడా చాలా పెద్దది.

ఒక్క గ్రేడు దగ్గర జాగ్రత్త. సీకే-4తో పాటే 2016లో ఎఫ్ఏ-4 అని ఒకటి వచ్చింది. అది మైలేజీ కోసం బాగా పల్చగా చేసిన 30 గ్రేడు ఆయిల్. పాత ఇంజన్లకు అది పనికిరాదు, కొత్త ఇంజన్లలో కూడా బుక్కులో ఎఫ్ఏ-4 అని రాసి ఉంటేనే పోయాలి. చివర 4 అంకె ఒకటే కదా అని పొరపడతారు. సాంకేతికంగా చెప్పాలంటే 150 డిగ్రీల వేడిలో, బేరింగులో పడే ఒత్తిడి కింద ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో కొలుస్తారు, ఎఫ్ఏ-4కి ఆ విలువ 2.9 నుంచి 3.2 మధ్య, సీకే-4 అయితే 3.5కి తగ్గకూడదు.

సీజే-4, సీకే-4లో సల్ఫేటెడ్ యాష్, అంటే ఆయిల్ కాలితే మిగిలే బూడిద, 1 శాతం మించకూడదని పరిమితి ఉంది, డీపీఎఫ్ కోసమే ఆ నియమం. కాబట్టి మీరు రెండిటికీ సీఐ-4 డ్రమ్ము కొని, పాతదానికి బాగానే ఉంది కదా అని కొత్తదాన్లో పోయకూడదు. సీకే-4 పాతదాన్లో పోయడంలో ఒకే ఒక మెలిక ఉంది. మీరు కొట్టించే డీజిల్లో గంధకం ఎక్కువగా ఉంటే అది కాలి పుట్టించే ఆమ్లాన్ని విరిచే బలం, అంటే టీబీఎన్, తక్కువ యాష్ ఆయిల్లో త్వరగా అయిపోవచ్చు. అప్పుడు ఆయిల్ మార్చే గడువు తగ్గించుకోవాలి. 10, 15 పీపీఎం గంధకం ఉన్న డీజిల్ దొరికేచోట ఆ బెంగ లేదు.

20డబ్ల్యూ-50 గురించి. ముందున్న 15, 20 అనేవి చలిలో స్టార్టింగుకి సంబంధించినవి, వెనకున్న 40, 50 అనేవి ఇంజన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర చిక్కదనానికి. ఆయిల్ చిక్కనైతే గేజ్‌లో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, మనసుకు ధైర్యంగా ఉంటుంది. కానీ ప్రెషర్ పెరిగినంత మాత్రాన ఆయిల్ ఎక్కువగా పారుతున్నట్టు కాదు. చల్లటి ఇంజన్లో టర్బోకీ, పై వాల్వులకీ ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది, టర్బో షాఫ్ట్ ఆ కాసేపట్లోనే అరుగుతుంది. మైలేజీ కూడా కొంచెం పడుతుంది. ఇంజన్ పని ఎలాగూ తప్పదు, అప్పటిదాకా నెట్టుకురావాలి అనుకుంటే, బుక్కులోని టెంపరేచర్ పట్టికలో ఆ గ్రేడుకు చోటుంటే పోయండి, అంతకుమించి దాని నుంచి ఆశించకండి.

హైవే_స్టీరింగ్:

టూ-టీ వద్దన్నట్టే అడిటివ్‌లన్నిటినీ తీసిపారేస్తారేమో గానీ నేను స్టీరింగ్ పట్టుకునేవాణ్ణి, చెవితో విన్నది చెప్తున్నాను. నేను నడిపే బండిలో ఆయిల్ ట్రీట్‌మెంట్ డబ్బా పోశాక ఇంజన్ చప్పుడు స్పష్టంగా తగ్గింది, ట్యాపెట్ టకటక పోయింది, పికప్ కూడా తేలికైనట్టుంది. ఆయిల్ తాగడం కూడా కొంత తగ్గింది. ఇదంతా భ్రమ అంటే ఒప్పుకోను. డీజిల్లో పోసే ఇంజెక్టర్ క్లీనర్ కూడా అంతే, నల్ల పొగ తగ్గడం నేను కళ్లారా చూశాను. రెండు_బండ్లు అన్నా, పాతదాన్లో ఒకసారి పోసి చూడండి, పోయేదేముంది?

ఆయిల్_శాంపిల్:

హైవే_స్టీరింగ్ గారూ, మీరు విన్నది నిజమే. ఆ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది చిక్కదనం పెంచే పాలిమర్, దాన్ని మోసే బేస్ ఆయిల్. చిక్కదనం పెరిగితే చప్పుడు తగ్గుతుంది, అరిగిన రింగుల సందుల్లోంచి ఆయిల్ పైకి రావడం కొంత తగ్గుతుంది. అంటే 40 గ్రేడుని మీరు ఇంట్లోనే 50 గ్రేడు చేశారు, ఎంత చేశారో కొలత తెలియకుండా. ఆ పాలిమర్ గొలుసులు గేర్ల మధ్య, బేరింగుల మధ్య నలిగి తెగుతాయి కాబట్టి కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత చిక్కదనం పడిపోతుంది, అందుకే మళ్లీ డబ్బా కావాల్సి వస్తుంది. అరిగింది మాత్రం అరిగినట్టే ఉంటుంది, పైగా చప్పుడు వినబడదు కాబట్టి చూడాల్సిన టైముకి చూడరు. నా అభ్యంతరం అక్కడ.

నేను ఆయిల్ పరీక్షల పనిలో ఉన్నాను, కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్పాలనిపిస్తోంది. డబ్బాలో మనం కొనే ఇంజన్ ఆయిల్లో అడిటివ్ ఇప్పటికే ఉంది, అది కొంచెం కూడా కాదు. మసిని విడివిడిగా తేలేలా ఉంచే డిస్పర్సెంట్, పిస్టన్ కడిగి ఆమ్లాన్ని విరిచే కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్లు, లోహం మీద లోహం రాసుకునే చోట పొరగా ఏర్పడే జింక్-ఫాస్ఫరస్ సమ్మేళనం, నురగ రాకుండా చూసేది, తుప్పు పట్టకుండా చూసేది, ఇన్నీ ఒకదాంతో ఒకటి తూకంగా కలిపి, ఆ మిశ్రమాన్ని ఇంజన్ల మీద వందల గంటలు నడిపి పాసయ్యాకే సీకే-4 అని ముద్ర వేస్తారు. వీటిలో చాలావాటికి లోహపు ఉపరితలమే పోటీ స్థలం. బయటి నుంచి ఇంకో రసాయనం పోస్తే అది ఆ జింక్ పొరకు చోటు లేకుండా చేయొచ్చు, లేదా యాష్, ఫాస్ఫరస్ పరిమితి దాటించొచ్చు. మీరు పోసిన ఆ కలగలుపుని ఎవరూ పరీక్షించి ఉండరు. చాలా బండి కంపెనీలు మాన్యువల్లో విడి అడిటివ్‌లు వద్దని రాసేది అందుకే. అరుగుదల ఇంత శాతం తగ్గుతుంది అని ఆధారం లేకుండా ప్రకటించుకున్నందుకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990లలో ఇలాంటి ఇంజన్ ట్రీట్‌మెంట్ కంపెనీలు ఒకటి కంటే ఎక్కువ వాటిమీద చర్య తీసుకుంది కూడా.

డీజిల్లో కలిపేవి వేరే లెక్క, వాటిలో పనికొచ్చేవి ఉన్నాయి. గడ్డకట్టే చలిలో మైనం పేరుకోకుండా ఆపేది, సీటేన్ (డీజిల్ తేలిగ్గా అంటుకునే గుణం) పెంచేది, ఇంజెక్టర్ మొన మీది పేరుడుని కరిగించే డిటర్జెంట్, ట్యాంకులో నీరు చేరి బ్యాక్టీరియా పెరిగితే చంపేది, ఒక్కోదానికి ఒక్కో పని. గంధకం తీసేశాక డీజిల్లో సహజంగా ఉండే జారుడు గుణం తగ్గుతుందన్నది నిజమే, కానీ ప్రమాణం ప్రకారం అమ్మే డీజిల్లో దానికి రిఫైనరీలోనే మందు కలుపుతారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 590 అయితే ఈ జారుడు గుణం పరీక్షలో లోహం మీద అరిగిన మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదంటుంది. కాబట్టి నమ్మకమైన చోట డీజిల్ కొట్టిస్తే టూ-టీ అవసరమే లేదు. మీకు నల్ల పొగ తగ్గిందంటే ఆ నాజిళ్లు నిజంగా పేరుకుని ఉండొచ్చు, క్లీనర్ పనిచేసి ఉండొచ్చు, అందులో నాకు పేచీ లేదు. కాకపోతే ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, టర్బో పైపు లీకైనా అదే నల్ల పొగ వస్తుంది, ముందు అవి చూసుకోవాలి.

పెద్ద డీజిల్ ఇంజన్‌లో నేను గట్టిగా సమర్థించే అడిటివ్ ఒకటుంది, దాని గురించి ఎవరూ అడగరు. అది కూలెంట్‌లో వేసేది. లారీ ఇంజన్లలో చాలావాటికి తడి లైనర్లు, అంటే బయటి వైపు నేరుగా కూలెంట్ తగిలేవి, ఉంటాయి. పిస్టన్ దెబ్బకు లైనర్ కంపిస్తుంటే బయటి వైపు కూలెంట్‌లో సన్నటి బుడగలు పుట్టి పేలుతూ లైనర్‌ని గుంటలు గుంటలుగా తినేస్తాయి, చివరికి చిల్లు పడి నీళ్లు ఆయిల్లోకి వస్తాయి. కూలెంట్‌లోని నైట్రైట్ లాంటి ఇన్‌హిబిటర్ లైనర్ మీద పొర కట్టి దీన్ని ఆపుతుంది. పాత బండిలో రేడియేటర్‌కి మామూలు నీళ్లు పోస్తున్నారా? పోస్తుంటే ముందు దాన్ని సరిచేయండి, ట్రీట్‌మెంట్ డబ్బాకి పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి. బుక్కులో ఏ రకం కూలెంట్ చెప్పారో అదే, రంగు చూసి కలపకండి.

రెండు_బండ్లు:

చాలా థాంక్సండీ. లైనర్_పిస్టన్ అన్న చెప్పగానే కొత్తదాన్ని పక్కన పెట్టించాను. గేజ్ వాసన చూస్తే డీజిల్ కొడుతోంది, వేలి మీద జిగటే లేదు. స్కానర్ పెట్టిస్తే రీజెన్ చాలాసార్లు మొదలై మధ్యలో ఆగిపోయినట్టు చూపించింది. డ్రైవరుని కూర్చోబెట్టి అడిగితే, దిగుమతి చోట గంటలు గంటలు ఏసీ కోసం ఇంజన్ నడుపుతాడట, డాష్‌బోర్డు మీద రీజెన్ లైటు వెలుగుతున్నా తాళం తీసేస్తాడట, ఆ లైటు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. టూ-టీ ఆపేశాడు. శాంపిల్ ల్యాబుకి పంపాను. ఇంజెక్టర్ల రిటర్న్ (వెనక్కి కారే డీజిల్) కూడా చెక్ చేయిస్తున్నాను.

పాతదాని రేడియేటర్లో మామూలు నీళ్లే పోస్తున్నాం, అది మారుస్తాను. దాని నీలం పొగకి ఇంజన్ దించాల్సిందేనా? ఇంకోటి, కొత్త ఆయిల్ పోసిన రెండో రోజుకే నల్లగా అయిపోతుంది, అంటే ఆయిల్ నకిలీదా?

లైనర్_పిస్టన్:

నల్లబడటం చూసి ఆయిల్‌ని నిందించకండి. డీజిల్ ఇంజన్లో మసి ఎప్పుడూ ఆయిల్లోకి వస్తూనే ఉంటుంది, దాన్ని పట్టి తేలేలా ఉంచడమే ఆయిల్ పని, అందుకే నల్లబడుతుంది. నల్లబడకుండా తేటగా ఉండి, మూత కింద మాత్రం మడ్డి పేరుకుంటుంటే అప్పుడు అనుమానించాలి. నకిలీ భయం ఉంటే సీలు, బ్యాచ్ నంబరు చూసి బిల్లుతో కొనండి, తెరిచిన డ్రమ్ములోంచి పోసిచ్చేది తీసుకోకండి.

పాతదానికి ఇంజన్ దించే ముందు వరసగా చూసుకుంటూ రండి. పొద్దున స్టార్టింగులో మాత్రమే నీలం పొగ అయితే వాల్వు సీళ్లు, గైడ్లు, రాత్రంతా కారి సిలిండర్లోకి దిగిన ఆయిల్ అది. హెడ్డు పనితో పోతుంది. ఎత్తులో లోడు మీద అయితే రింగులో టర్బోనో. టర్బో నుంచి వచ్చే గాలి పైపు విప్పి చూడండి, లోపల ఆయిల్ గుంట కట్టి ఉంటే సీలు పోయిందా, లేక డ్రెయిన్ పైపు మూసుకుపోయిందా, బ్రీదర్ మూసుకుపోయి క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని తోస్తోందా చూసుకోవాలి. బ్రీదర్ శుభ్రం చేయడానికి ఖర్చేమీ ఉండదు, అయినా చాలామంది దాన్ని ముట్టుకోకుండానే ఇంజన్ దించేస్తారు. అవన్నీ బాగుండి, ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పుమని వస్తుంటే అప్పుడు కంప్రెషన్ చెక్ చేయించి రింగుల పని పెట్టుకోండి. బయటి లీకులు కూడా చూడండి, కారిపోతున్న ఆయిల్‌ని తాగుతోంది అని లెక్కేసుకుంటుంటాం.

మార్చేటప్పుడు కిరసనాయిలుతోనో డీజిల్‌తోనో ఇంజన్ కడగమని ఎవరైనా చెబితే వద్దనండి. అదంతా బయటికి రాదు, మిగిలింది కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది, విడిపోయిన మడ్డి పోయి స్ట్రైనర్‌కి అడ్డం పడుతుంది.

ఆయిల్_శాంపిల్:

శాంపిల్ గురించి చిన్న మాట. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు తీయాలి, డ్రెయిన్ ప్లగ్ విప్పగానే వచ్చే మొదటి ధార వదిలేసి మధ్యలోది శుభ్రమైన సీసాలో పట్టాలి. సీసా మీద బండి కిలోమీటర్లు, ఆయిల్ పోశాక తిరిగిన కిలోమీటర్లు, ఆయిల్ పేరు రాయకపోతే రిపోర్టు చదవడం కష్టం.

రిపోర్టు వచ్చాక చిక్కదనం, డీజిల్ శాతం, మసి, టీబీఎన్ ముందు చూడండి. సిలికాన్, ఇనుము రెండూ కలిసి పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దారిలో దుమ్ము లోపలికి పోయి లైనర్లని గీరుతోందని. సీసం, రాగి పెరిగితే బేరింగుల వైపు చూడాలి, డీజిల్ కలిసిన ఆయిల్‌తో కొన్నాళ్లు తిరిగింది కాబట్టి మీ కొత్త బండికి ఈ రెండూ ముఖ్యం. రాగి ఒక్కటే పెరిగితే కంగారు పడకండి, కొత్త ఇంజన్లలో ఆయిల్ కూలర్ నుంచి కూడా అది వస్తుంది. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ లీకు. ఒక్క రిపోర్టుతో తీర్పు ఇవ్వలేం, వచ్చే ఆయిల్ మార్పు దగ్గర ఇంకోటి తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆయిల్ మార్చే గడువు కిలోమీటర్లతో పాటు గంటల లెక్కన కూడా పెట్టుకోండి. డ్రైవరు అన్ని గంటలు ఐడ్లింగ్‌లో ఉంచితే మీటరు కదలదు, ఆయిల్ మాత్రం పాడవుతూనే ఉంటుంది. ఈసారి బుక్కులో ఉన్న గడువుకంటే ముందే ఒకసారి మార్చేయండి, డీజిల్ కలిసిన ఆయిల్ కొంత లోపల మిగిలే ఉంటుంది.

హైవే_స్టీరింగ్:

ఆయిల్_శాంపిల్ గారూ, నేను నడిపే బండి ఓనరుకి చెప్పి ఈసారి ట్రీట్‌మెంట్ డబ్బా లేకుండా ఆయిల్ మార్పించి శాంపిల్ పంపిస్తాం. చప్పుడు మళ్లీ వస్తే ట్యాపెట్ క్లియరెన్స్ చూపిస్తాను. రెండు_బండ్లు అన్నా, మీ రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, ముఖ్యంగా డీజిల్ శాతం.